పాత బెంచ్ మల్టీమీటర్ కొన్నాక: కాలిబ్రేషన్ జోలికి వెళ్లకముందు చేసిన పనుల డైరీ

మీటర్ 1980ల నాటి డిజైన్, ఐదున్నర అంకెలది. రెండు వోల్ట్ల రేంజ్‌లో 1.99999 దాకా చూపిస్తుంది. అంటే చివరి అంకెలో ఒక్కో కౌంట్ పది మైక్రోవోల్ట్లు. ఇక్కడ రాసే జబ్బులు ఆ తరం మీటర్లలో చాలావాటికి ఉండేవే కాబట్టి కంపెనీ పేరు, మోడల్ నంబర్ పక్కన పెడుతున్నాను.

రీడింగ్ కాస్త తేడాగా కనిపిస్తే అందరి చెయ్యీ ముందు కాలిబ్రేషన్ (ప్రమాణంతో పోల్చి మీటర్ అంకెలను సరిచేయడం) మీదికే పోతుంది. నేను చూసినంతలో తప్పు అక్కడ దొరికేది తక్కువ. పవర్ సప్లై, మురికి, కాంటాక్టులు తేలాకే కాలిబ్రేషన్ మాట ఎత్తాలి. ఈ మీటర్‌ను ఆ వరుసలోనే చూసుకుంటూ వెళ్లాను.

దశ 1: కొనేముందు

ప్రకటనలో "పవర్ ఆన్ అవుతోంది" అని ఉంటే ఫ్యూజు పోలేదని మాత్రమే అనుకోండి. "టెస్ట్ చేసే సదుపాయం లేదు" అని ఉంటే ఆన్ చేసి చూశారని, ఏదో నచ్చలేదని అనుకోవడమే క్షేమం. అమ్మేవాళ్లను నేను అడిగిన ఫొటోలు ఇవి:

1. ఆన్ చేసిన వెంటనే డిస్‌ప్లేలో సెగ్మెంట్లన్నీ వెలిగే క్షణం.
2. ఇన్‌పుట్ టెర్మినళ్లను చిన్న రాగి తీగతో కలిపినప్పుడు అతి తక్కువ డీసీ రేంజ్ చూపించే రీడింగ్.
3. ఒకే డ్రైసెల్‌ను రెండు వోల్ట్ల రేంజ్‌లో ఒకసారి, ఇరవై వోల్ట్ల రేంజ్‌లో ఒకసారి.
4. వెనక ప్యానెల్: వోల్టేజ్ సెలెక్టర్, ఫ్యూజు హోల్డర్, స్క్రూల తలలు.

మూడోది చాలా విలువైన ఫొటో. ఈ తరహా మీటర్లలో చిన్న రేంజ్‌కు వోల్టేజ్ నేరుగా వెళ్తుంది, పెద్ద రేంజ్‌కు డివైడర్ (వోల్టేజ్‌ను తగ్గించే రెసిస్టర్ల జత) గుండా వెళ్తుంది. రెండూ ఒకే విలువ చూపిస్తే డివైడర్ రెసిస్టర్లు బతికి ఉన్నట్టే. దీనికి కచ్చితమైన విలువ తెలిసిన స్టాండర్డ్ ఏదీ అక్కర్లేదు, కొట్లో దొరికే సెల్ చాలు. నాకు పంపిన ఫొటోల్లో ఒకటి 1.58263, రెండోది 1.5827. చివరి అంకెలో ఒక్క కౌంట్ లోపే కలిసింది.

డిస్‌ప్లే పోయిన మీటర్‌ను ఎంత చవగ్గా ఇస్తామన్నా నేను తీసుకోను. మిగతావన్నీ ఎలాగోలా దొరుకుతాయి కానీ ఆ గాజు ముక్క దొరకదు. దొరికినా అది మరో పాత మీటర్‌లోంచి పీకిందే అయి ఉంటుంది.

కాలిబ్రేషన్ అంకెలు ఎక్కడ దాచుకుంటుందో కూడా కొనేముందే తెలుసుకోవాలి. ఉదాహరణకు హెచ్‌పీ 3478ఏ వాటిని బ్యాటరీతో బతికే ర్యామ్‌లో ఉంచుతుంది. ఆ లిథియం సెల్ అయిపోతే కాలిబ్రేషన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. నేను కొన్నదీ ఈ పద్ధతిదే. అందుకే ఆన్ చేయగానే కాలిబ్రేషన్ ఎర్రర్ ఏదీ రావడం లేదని వీడియోలో చూసుకున్నాకే సరేనన్నాను.

దశ 2: ప్లగ్ పెట్టకముందు

1. వోల్టేజ్ సెలెక్టర్ చూడండి. 120 మీద ఉన్నదాన్ని 230 వోల్ట్లకు తగిలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ కొంప మునిగినట్టే. నాది సరిగానే ఉంది.
2. మెయిన్స్ ఫ్యూజు బయటికి తీసి మీద రాసింది చదవండి. ప్యానెల్ మీద 0.25 ఆంపియర్ స్లో బ్లో అని ఉంటే లోపల ఒక ఆంపియర్ ఫ్యూజు ఉంది. ఎవరో ఎప్పుడో ఫ్యూజు పోతుంటే విసిగిపోయి పెద్దది పెట్టేశారు. ఎందుకు పోయేదో ఈ జాబితా చివర తెలుస్తుంది.
3. ప్లగ్‌లోని ఎర్త్ పిన్ నుంచి మెటల్ బాడీకి రెసిస్టెన్స్: 0.08 ఓమ్.
4. పవర్ స్విచ్ ఆన్‌లో పెట్టి, ఫేజు, న్యూట్రల్ పిన్నులు రెండూ కలిపి, వాటికీ ఎర్త్‌కూ మధ్య 500 వోల్ట్ల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే పరికరం): 200 మెగ్‌ఓమ్‌ల పైనే.
5. మూత విప్పి మెయిన్స్ ఫిల్టర్ కెపాసిటర్ చూడండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఉండే ఆ మెటలైజ్డ్ పేపర్ రకం పైపూత ఏళ్లు గడిచేకొద్దీ సన్నగా పగులుతుంది. లోపలికి తేమ చేరుతుంది, ఏదో ఒకరోజు పొగ వస్తుంది. నాదాని మీద పాత గోడ పెచ్చు మీది గీతల్లా బీటలున్నాయి. ఓ పక్క కాస్త ఉబ్బింది కూడా.

ఆ కెపాసిటర్‌ను తీసేసి అదే 0.1 మైక్రోఫారడ్ విలువకు 275 వోల్ట్ల ఏసీ, ఎక్స్2 అని ముద్ర ఉన్న పాలీప్రొపిలీన్ రకం పెట్టాను. 400 వోల్ట్ల డీసీ అని రాసి ఉన్న మామూలు ఫిల్మ్ కెపాసిటర్ ఇక్కడ పనికిరాదు. కనిపించడం ఒకేలా కనిపిస్తుంది కానీ పాడైనప్పుడు మంట పట్టకుండా చూసుకునే గుణం ఎక్స్2 దానికే ఉంటుంది.

కరెంటు కొలిచే టెర్మినల్ వెనకున్న ఫ్యూజును కూడా తీసి చూశాను. ఇసుక నింపిన సెరామిక్ ఫ్యూజు ఉండాల్సిన చోట గాజుది ఉంది. చిన్న పనులకు నడుస్తుంది కానీ మెయిన్స్ పొరపాటున తగిలితే గాజు ఫ్యూజు లోపల ఆర్క్ ఆగదు. మార్చాను.

ఇప్పటిదాకా లెక్క: మార్చినవి 3 (ఎక్స్2 కెపాసిటర్, మెయిన్స్ ఫ్యూజు, కరెంటు ఫ్యూజు). ఇంకా మీటర్ ఆన్ చేయలేదు.

దశ 3: సీరీస్ బల్బుతో మొదటిసారి

ఫేజు వైరులో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టి ఆన్ చేశాను. బల్బు ఒక్కసారి వెలిగి ఎర్రగా మందగించింది. అంటే షార్ట్ ఏదీ లేదు. వెలిగింది వెలిగినట్టే ఉండిపోతే వెంటనే ఆపేయాలి. ఎల్ఈడీ బల్బుతో ఈ పని జరగదు. బల్బు మీద కొంత వోల్టేజ్ పడిపోతుంది కాబట్టి అది ఉన్నంతసేపు రీడింగులు నమ్మకూడదు. షార్ట్ లేదని తేలగానే తీసేశాను.

నేరుగా కరెంటిచ్చాక అసలు జబ్బు బయటపడింది. ఇరవై నిమిషాలు బుద్ధిగా నడిచింది. ఆ తరవాత డిస్‌ప్లే ఒక్క క్షణం ఆరిపోయి, సెగ్మెంట్లన్నీ వెలిగి, మళ్లీ మొదటినుంచి మొదలైంది. కాసేపాగి మళ్లీ అంతే. రీసెట్టుకూ రీసెట్టుకూ మధ్య రీడింగులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఇలా అప్పుడప్పుడూ వచ్చే జబ్బులు అమ్మేవాళ్ల వీడియోల్లో ఎప్పుడూ పడవు.

దశ 4: పవర్ సప్లై

ఐదు వోల్ట్ల లైన్‌ను మరో మల్టీమీటర్‌తో చూస్తే 4.98. అంతా బాగున్నట్టే ఉంది. మల్టీమీటర్ సగటు చూపిస్తుంది కాబట్టి దాన్ని నమ్మి ఇక్కడ ఆగిపోకూడదు. ఆసిలోస్కోపు పెడితే కథ వేరుగా ఉంది:

- రెగ్యులేటర్‌కు (వోల్టేజ్‌ను ఐదు దగ్గర నిలబెట్టే చిప్) ముందు: పైన 9.4 వోల్ట్లు, కింద 6.4. రిపుల్, అంటే ఆ ఊగు, 3 వోల్ట్లు.
- రెగ్యులేటర్ తరవాత: సెకనుకు వందసార్లు చిన్న గుంట, అడుగున 4.5 దాకా.

7805 రకం రెగ్యులేటర్‌కు ఔట్‌పుట్ కన్నా దాదాపు 2 వోల్ట్లు ఎక్కువ కావాలి, అంటే 7 వోల్ట్లు. 6.4 దగ్గర అది చేతులెత్తేస్తుంది. ప్రాసెసర్‌కు ఆ గుంట నచ్చనప్పుడల్లా రీసెట్.

లెక్క వేసుకుంటే కారణం కూడా తేలుతుంది. లోడు 0.6 ఆంపియర్. కెపాసిటర్ ఒంటరిగా లోడు మోసే సమయం సుమారు 8 మిల్లీసెకన్లు. 4700 మైక్రోఫారడ్‌లుంటే పడిపోవాల్సింది ఒక వోల్ట్ చుట్టుపక్కల. మూడు వోల్ట్లు పడుతోందంటే కెపాసిటర్ మూడో వంతుకు వచ్చిందన్నమాట. బోర్డులోంచి ఊడదీసి కొలిచాను: 1850 మైక్రోఫారడ్‌లు, ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) 0.9 ఓమ్. పైకి ఉబ్బలేదు, కారలేదు. చూపుకు కొత్తదానిలాగే ఉంది.

అదే విలువ, అదే వోల్టేజ్, 105 డిగ్రీల రకం పెట్టాను. "ఎలాగూ మారుస్తున్నాం కదా, 10,000 పెడదాం" అనుకోకండి. ఆన్ చేసిన క్షణంలో డయోడ్ల మీద పడే కరెంటు కూడా దాంతోపాటే పెరుగుతుంది. మార్చాక పైన 9.2, కింద 8.1. రీసెట్లు ఆగిపోయాయి.

కనిపించిన కెపాసిటరల్లా మార్చే అలవాటు నాకు నచ్చదు. ముఖ్యంగా ఇంటిగ్రేటర్ (ఇన్‌పుట్‌ను కూడుకునే భాగం) దగ్గరున్న ఫిల్మ్ కెపాసిటర్‌ను ఎవరూ ముట్టుకోవద్దు. తక్కువ డైఎలెక్ట్రిక్ అబ్జార్ప్షన్ (ఖాళీ చేశాక కూడా కాస్త చార్జ్ మిగుల్చుకునే గుణం) ఉన్న రకాన్ని ఏరి పెడతారు అక్కడ. దాని బదులు చేతికందిన సెరామిక్ ముక్క పెడితే మీటర్ నడుస్తుంది, అంకెలు వస్తాయి, లీనియారిటీ (రేంజ్ అంతటా ఒకే నిష్పత్తిలో చూపించడం) మాత్రం పోతుంది. ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

ఇప్పటిదాకా లెక్క: మార్చినవి 4. రీసెట్లు: లేవు.

దశ 5: కాలిబ్రేషన్ బ్యాటరీ

మొత్తం పనిలో టెన్షన్ పెట్టింది ఇదే. సెల్ 2.71 వోల్ట్లకు వచ్చింది. కొత్తది అయితే 3.2 చుట్టుపక్కల ఉంటుంది.

1. ముందు జీపీఐబీ (పరికరాలను కంప్యూటర్‌కు కలిపే పాత పద్ధతి) కేబుల్ తగిలించి కాలిబ్రేషన్ ర్యామ్‌ను కంప్యూటర్‌లోకి చదువుకున్నాను. చదివింది ఒకసారి కాదు. రెండు ఫైళ్లూ అక్షరం తేడా లేకుండా కలిశాకే ముందుకు కదిలాను. రీసెట్లు ఆగకముందు ఈ పని చేస్తే సగంలో తెగిపోయేది. బ్యాటరీ దశ నాలుగో దశ తరవాత రావడానికి కారణం అదే.
2. మీటర్ ఆఫ్, ప్లగ్ బయటికి.
3. రెండు ఏఏ సెల్స్ సీరీస్‌లో పెట్టి, కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న షాట్కీ డయోడ్ గుండా, పాత సెల్ కాళ్ల దగ్గర సమాంతరంగా కలిపాను. ర్యామ్ దగ్గర 2.9 వోల్ట్లు ఉన్నట్టు కొలిచి చూసుకున్నాను.
4. సాల్డరింగ్ ఐరన్ వేడెక్కాక దాని ప్లగ్ పీకేసి ఒక్కో కాలూ ఊడదీశాను. ఐరన్ మొన ఎర్త్‌కు కలిసి ఉంటుంది. అటు బోర్డు కూడా ఏదో ఒక తీగ ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటే ప్లస్ కాలు తాకగానే ర్యామ్ సప్లై షార్ట్ అయిపోతుంది.
5. ట్యాగులున్న కొత్త సెల్ అతికించాను. ట్యాగులు లేని సెల్ మీద నేరుగా టంకం వేయకూడదు. వేడికి లోపలి సీలు దెబ్బతింటుంది.
6. ఏఏ సెల్స్ తీసేసి, ఆన్ చేసి, ర్యామ్ మళ్లీ చదివాను. మూడు ఫైళ్లూ ఒకటే.

దశ 6: రెసిస్టెన్స్ ఎక్కువున్న చోట తప్పే రీడింగ్

డ్రైసెల్ కొలిస్తే బాగుంది. షార్ట్ చేస్తే సున్నా బాగుంది. కానీ ఒక మెగ్‌ఓమ్ రెసిస్టర్ గుండా అదే డ్రైసెల్‌ను కొలిస్తే రెండు వోల్ట్ల రేంజ్‌లో నలభై కౌంట్లు తేడా వచ్చింది. చాలామంది కాలిబ్రేషన్ పోయిందని తేల్చేసేది ఇక్కడే.

ఇన్‌పుట్ ఎంత కరెంటు లాగుతోందో, లేదా బయటికి తోస్తోందో, కొలిచే పద్ధతి ఇది:

1. 200 మిల్లీవోల్ట్ల రేంజ్. ముందు షార్ట్ చేసి సున్నా రాసుకోండి.
2. షార్ట్ తీసేసి టెర్మినళ్ల మధ్య 10 మెగ్‌ఓమ్ రెసిస్టర్, దాని పక్కనే 0.1 మైక్రోఫారడ్ పాలీప్రొపిలీన్ కెపాసిటర్. రెంటి మీదా చిన్న రేకు డబ్బా బోర్లించి, డబ్బాను "లో" (నెగెటివ్) టెర్మినల్‌కు కలపండి. లేకపోతే గదిలోని మెయిన్స్ హమ్ అంతా రీడింగులోకి వచ్చి పడుతుంది.
3. పది సెకన్లాగి రీడింగ్ తీసుకోండి. మిల్లీవోల్ట్ ఒక్కింటికి వంద పికోఆంపియర్లు.

నాకు వచ్చింది 4.1 మిల్లీవోల్ట్లు, అంటే 410 పికోఆంపియర్లు. ఇలాంటి మీటర్‌కు కొన్ని పదుల పికోఆంపియర్లు మించకూడదు. ఒక మెగ్‌ఓమ్‌లో 410 పికోఆంపియర్లు పారితే 410 మైక్రోవోల్ట్లు, అంటే నలభై ఒక్క కౌంట్. పైన కనిపించిన తేడాతో సరిపోయింది. బోర్డు మీద ఇన్‌పుట్ గీత పక్కనే 15 వోల్ట్ల సప్లై గీత వెళ్తోంది. 15 వోల్ట్లను 410 పికోఆంపియర్లతో భాగిస్తే దాదాపు 37 గిగాఓమ్‌లు. ధూళి, టంకం వేసినప్పటి పాత ఫ్లక్స్, కాస్త తేమ కలిస్తే అంత రెసిస్టెన్స్ ఉన్న దారి ఇట్టే తయారవుతుంది.

మొదట ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లలతో తుడిచాను. రీడింగ్ 6.8 మిల్లీవోల్ట్లకు పెరిగింది! బోర్డు మీద లేత తెల్లటి పొర కూడా మిగిలింది. ఆల్కహాల్ ఫ్లక్స్‌ను కరిగిస్తుంది కానీ అక్కడినుంచి పట్టుకుపోదు. ఒకచోట ఉన్న మురికిని పుల్ల నలుమూలలా పూసింది, అంతే.

రెండోసారి బోర్డును ఏటవాలుగా నిలబెట్టి, పైనుంచి ఆల్కహాల్ ధారగా పోస్తూ మెత్తటి బ్రష్‌తో కిందికి తోశాను. తరవాత డిస్టిల్డ్ వాటర్, మళ్లీ ఒకసారి ఆల్కహాల్. రిలేలు, స్విచ్చులు, ట్రాన్స్‌ఫార్మర్, డిస్‌ప్లే వైపు చుక్క పోకుండా ప్లాస్టిక్ కవరు, టేపు. పాలీస్టైరిన్ కెపాసిటర్లుంటే వాటి మీద గాఢమైన సాల్వెంట్లు, వేడి గాలి పడనివ్వద్దు. రాత్రంతా ఫ్యాన్ కింద ఆరబెట్టాను. ఆ తరవాత ఇన్‌పుట్ భాగాన్ని వట్టి వేళ్లతో ముట్టుకోలేదు.

మూత పెట్టి, వేడెక్కనిచ్చి కొలిచాను: 0.19 మిల్లీవోల్ట్లు, అంటే 19 పికోఆంపియర్లు. వాన పట్టిన రోజున మళ్లీ చూస్తే 24. మెగ్‌ఓమ్ గుండా డ్రైసెల్ తేడా నలభై కౌంట్ల నుంచి రెండుకు దిగింది.

ఇప్పటిదాకా లెక్క: మార్చినవి 5. ఇన్‌పుట్ కరెంటు 410 నుంచి 19కి. కాల్ స్విచ్ (కాలిబ్రేషన్‌ను మార్చనిచ్చే స్విచ్) మీది సీలు అలాగే ఉంది.

దశ 7: ఊగే చివరి అంకెలు

పది కిలోఓమ్ సోర్సు, పొడవాటి వైర్లు పెట్టి చూస్తే చివరి రెండంకెలు మెల్లగా పైకీ కిందికీ ఊగుతున్నాయి, పాతిక ముప్ఫై కౌంట్ల మేర. మామూలు నాయిస్ అయితే గడబిడగా ఉంటుంది. ఇలా లయగా ఊగుతుంటే అనుమానం మెయిన్స్ మీదికే పోవాలి.

ఈ మీటర్లు ఇన్‌పుట్‌ను మెయిన్స్ సైకిల్‌కు సరిగ్గా సరిపడే సమయంపాటు కూడుకుంటాయి. 50 హెర్ట్జ్‌కు అది 20 మిల్లీసెకన్లు, 60కి 16.67. నిండు సైకిల్ కూడితే హమ్‌లోని ప్లస్సు, మైనస్సు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సైకిల్ నిండకపోతే ఆ మిగులు రీడింగులో తేలుతుంది. నా మీటర్ లోపల జంపర్ (సెట్టింగ్ మార్చే చిన్న కలుపు ముక్క) 60 మీద ఉంది, ఇక్కడ కరెంటు 50. మార్చాక ఊగడం రెండు మూడు కౌంట్లకు తగ్గింది. వేరే దేశంలో పనిచేసి వచ్చిన మీటర్ కొంటే ముందు ఇదే చూడండి.

రేంజ్ బటన్లకు పెద్దగా పని పడలేదు. పదిసార్లు రేంజ్ మార్చి తిరిగి వచ్చినా రీడింగ్ రెండు కౌంట్ల లోపే ఉంది. అందుకే కాంటాక్ట్ క్లీనర్ డబ్బా మూత కూడా తీయలేదు.

దశ 8: స్టాండర్డ్ లేకుండా మీటర్‌ను అడగగలిగే ప్రశ్నలు

ఇంట్లో ఉన్నవాటితో మీటర్ నిజం చెబుతోందని నిరూపించలేం. మాట మీద నిలబడుతోందో లేదో మాత్రం చూడొచ్చు.

డ్రైసెల్స్‌తో: మొదటి సెల్ 1.58214, రెండోది 1.57986. రెండూ సీరీస్‌లో పెడితే 3.16200 రావాలి. ఇరవై వోల్ట్ల రేంజ్‌లో వచ్చింది 3.1621, ఒక్క కౌంట్ తేడా. ప్రోబులు తిరగేస్తే మొదటి సెల్ -1.58213. సెల్స్‌ను హోల్డర్‌లో ఉంచి కొలవండి. చేత్తో పట్టుకుంటే వేడికి చివరి అంకెలు జారిపోతూనే ఉంటాయి.

రెసిస్టర్లతో: ఒక కిలోఓమ్ రెసిస్టర్లు పది, ఒకదానికొకటి 0.2% లోపు ఉండేలా ఏరి, వంకరటింకరగా సీరీస్‌లో అతికించాను. రెండు లావుపాటి రాగి తీగలతో సరిసంఖ్య కీళ్లన్నీ ఒకటిగా, బేసివన్నీ ఒకటిగా కలిపితే పదీ సమాంతరమవుతాయి. సీరీస్ విలువకూ సమాంతర విలువకూ నిష్పత్తి వంద. ఒక్కో రెసిస్టర్‌లో వెయ్యికి ఒక పాలు తేడా ఉన్నా ఈ నిష్పత్తిలో తప్పు మిలియన్‌కు ఒక పాలు స్థాయిలోనే ఉంటుంది. 1954లో హామన్ అనే శాస్త్రవేత్త చూపించిన ఉపాయం ఇది.

- సీరీస్: 9.9987 కిలోఓమ్‌లు.
- సమాంతరం, రెండు వైర్లతో: 100.412 ఓమ్‌లు. ప్రోబుల రెసిస్టెన్స్ కూడా కలిసిపోయింది.
- సమాంతరం, నాలుగు వైర్లతో (కరెంటుకు రెండు, వోల్టేజ్ కొలవడానికి వేరే రెండు): 99.991. రావాల్సింది 99.987.

మిగిలిన నాలుగు మిల్లీఓమ్‌లలో మీటర్ వాటా ఎంతో, నా టంకం కీళ్ల వాటా ఎంతో ఈ అమరికతో విడదీయలేం. 200 ఓమ్ రేంజ్‌కు మాన్యువల్ ఇచ్చిన హద్దులో అది చిన్న భాగమే.

దశ 9: వేడెక్కడం, ఆ తరవాత ల్యాబ్

ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచే ఎల్ఎం399 రిఫరెన్స్‌ను (స్థిరమైన వోల్టేజ్ ఇచ్చే చిప్) ఇరవై వోల్ట్ల రేంజ్‌లో పెట్టి రాసుకున్నవి:

- ఆన్ చేయగానే 6.9534
- 10 నిమిషాలకు 6.9528
- 30 నిమిషాలకు 6.9525
- గంటకు 6.9524
- రెండు గంటలకు 6.9524

గంట దాటాకే ఈ మీటర్ మాట పరిగణనలోకి తీసుకోవాలి.

తరవాత కాలిబ్రేషన్ ల్యాబ్‌కు పంపాను. సరిచేయడానికి ముందు ఉన్నవి ఉన్నట్టు రీడింగులు రాసి ఇవ్వమని ముందే అడిగి పెట్టుకోవాలి. అడక్కపోతే కొన్నిచోట్ల సరిచేశాక వచ్చిన కాగితం మాత్రమే చేతిలో పెడతారు. మీటర్ ఇన్నాళ్లూ ఎటు జారిందో ఇక ఎప్పటికీ తెలియదు.

వచ్చిన కాగితం ప్రకారం, 1.9 వోల్ట్ల దగ్గర మూడు కౌంట్లు ఎక్కువ, 19 వోల్ట్ల దగ్గర రెండు కౌంట్లు తక్కువ, 100 ఓమ్‌ల దగ్గర ఐదు మిల్లీఓమ్‌లు ఎక్కువ. అన్నీ తయారీదారు ఏడాది హద్దు లోపలే. మీటర్ మీది పాత స్టిక్కర్ 1989 నాటిది. 1990 జనవరి 1న కొత్త జోసెఫ్సన్ స్థిరాంకం (ల్యాబులు వోల్ట్‌ను తేల్చుకునే అంకె) అమల్లోకి వచ్చినప్పుడు అమెరికా వాడే వోల్ట్ మిలియన్‌కు 9.264 పాళ్లు మారింది. 1.9 వోల్ట్ల దగ్గర అది దాదాపు రెండు కౌంట్లు. చివరి అంకె గురించి వాదించుకునేవాళ్లు ఇది కూడా గుర్తుపెట్టుకుంటే మంచిది. డీసీలో, ఓమ్‌లలో ఏమీ సరిచేయొద్దని ల్యాబ్‌కు చెప్పేశాను.

హద్దు దాటింది ఒక్కటే. 200 మిల్లీవోల్ట్ల ఏసీ రేంజ్ 50 కిలోహెర్ట్జ్ దగ్గర 0.9% ఎక్కువ చూపిస్తోంది. ఒక కిలోహెర్ట్జ్ దగ్గర బాగానే ఉంది. దాన్ని సరిచేసే చిన్న ట్రిమ్మర్ కెపాసిటర్ ఏసీ భాగం మీది రేకు డబ్బాలో ఉంది. ఆరో దశలో ఆ డబ్బా తీయలేదు, కింద బోర్డు ఇంకా కడగలేదు. ముందు డబ్బా తీసి కడగాలి, ఆరాక మళ్లీ బిగించి కొలవాలి. మూత లేకుండా కొలిస్తే కొన్ని పికోఫారడ్‌లు మారి అంకె తప్పు వస్తుంది. అప్పటికీ 0.9% అలాగే ఉంటే ట్రిమ్మర్‌ను తిప్పుతాను.